బుల్ (మగ ఎల్క్) జవాబిస్తోంది, వస్తోంది, 80 గజాల దగ్గర ఆగిపోతోంది. కాలింగ్‌లో ఏం మార్చాలి?

అంబులపొది
సెప్టెంబర్ 13, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఉండేది డెన్వర్ దగ్గర. విల్లుతో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేట సీజన్ ఈ నెల 2వ తారీఖున మొదలైన దగ్గర్నుంచి వీలు చిక్కినప్పుడల్లా కొలరాడో ఫ్లాట్ టాప్స్ కొండల వైపు పోతున్నా. యూనిట్ (వేట ప్రాంతం) నంబర్ అడక్కండి, చెప్పను :)

సంగతేంటంటే, తెల్లవారుజామున గట్టు మీద నిలబడి లొకేషన్ బ్యూగుల్ (ఎక్కడుందో తెలుసుకోవడానికి వేసే మగదాని కూత) వేస్తే కింద లోయలోంచి బుల్ పలుకుతుంది. కాస్త దగ్గరికి జరిగి కౌ కాల్ (ఆడదాని కూత) వేస్తే ఇంకా రెచ్చిపోయి అరుస్తుంది. కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినపడుతుంది. ఇంక వచ్చేసింది అనుకునేలోపు 80 గజాల దగ్గర ఆగుతుంది. అక్కడే నిలబడి రెండు మూడు సార్లు అరుస్తుంది, ఇటే చూస్తుంది, తర్వాత వెనక్కి తిరిగి తన దారిన పోతుంది. నేను నమ్మకంగా బాణం వేయగలిగేది 40 గజాల లోపే.

ఒక్కడినే వెళ్తాను. నోట్లో డయాఫ్రమ్ (రబ్బరు పొర ఉన్న కూత పరికరం), చేతిలో కూత పెంచే ట్యూబ్. ఆస్పెన్ చెట్ల మధ్య కాస్త ఖాళీ ఉన్న చోట, నాలుగు వైపులా బాగా కనపడేలా కూర్చుంటా. గాలి మొహానికి తగిలేలా చూసుకుంటున్నా. సౌండ్‌లో తేడా ఉందేమోనని డబుల్ రీడ్ (రెండు పొరలది) పక్కన పెట్టి సింగిల్ రీడ్ కూడా వాడి చూశా, అదే తంతు. ఇప్పుడు ఖరీదైన ట్యూబ్ ఒకటి కొనాలా, లేక ఇంకేమన్నా మార్చాలా? పెద్దలు చెప్పండి.

---

బోయిసీ బాబాయ్
సెప్టెంబర్ 13, రాత్రి 10:05

ఏమీ కొనకు అబ్బాయ్. సౌండ్ బాగా లేకపోతే అది 80 దాకా ఎందుకొస్తుంది? మొదటి కూతకే నోరు మూసుకుని పక్క కొండెక్కేసేది. నీ గొంతు నమ్మింది, నీ చోటు నమ్మలేదు.

"నాలుగు వైపులా బాగా కనపడేలా కూర్చుంటా" అన్నావు చూడు, కథంతా అక్కడుంది. నీకు అది బాగా కనపడుతోందంటే దానికీ నువ్వున్న చోటు బాగా కనపడుతోందనే కదా. ఎల్క్ చెవులు మామూలువి కావు. పిలిచిన ఆడది దాదాపు ఏ చెట్టు పక్కన ఉందో దానికి తెలుస్తుంది. ఆ చెట్టు కనపడేదాకా వచ్చింది, చూసింది, అక్కడ ఆడదీ లేదు, ఏమీ లేదు. "గుమ్మంలోనే ఉన్నానురా" అని ఫోన్ చేసిన చుట్టం తలుపు తీస్తే కనపడకపోతే మనం ఏం చేస్తాం? గడప దాటకుండా అటూ ఇటూ చూసి తలుపేసుకుంటాం. ఇదీ అంతే.

ఇంకోటి. వాటి లోకంలో మగది అరిస్తే ఆడది దాని దగ్గరికి నడిచొస్తుంది. నువ్వు ఆడదాని గొంతుతో పిలిచి, కదలకుండా కూర్చుని, బుల్‌ని రమ్మంటున్నావు. సగం దూరం వచ్చి "ఇంక నువ్వు రా" అని నిలబడింది. దాని లెక్కలో అది చేయాల్సింది చేసేసింది.

కాబట్టి కూర్చునే చోటు మార్చు. అది నీ చెట్టుని మొదటిసారి చూడగలిగే చోటు ఏదుందో, ఆ చోటు నీ బాణం దూరంలో ఉండాలి. 30 గజాల్లో ఒక గట్టు మలుపు, లేదా నేల కాస్త ఎత్తై పడిపోయే అంచు, లేదా స్ప్రూస్ గుబురు మొదలయ్యే చోటు వెతుక్కో. ఆ అంచు దాటి తల బయట పెట్టేదాకా నువ్వు పిలిచే చోటు దానికి కనపడకూడదు. తల పెట్టేసరికి 30 గజాల్లో ఉంటుంది. ఇది తెలిస్తే 10 డాలర్ల రీడ్ చాలు.

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 13, రాత్రి 10:31

బాబాయ్ మంచిగ చెప్పిండు. నేను కొలరాడో స్ప్రింగ్స్ల ఉంట, నేనూ ఎక్కువ ఒక్కన్నే పోత. ఇద్దరుంటె అల్కగ ఉంటది. బాణం వేసెటోడు ముంగట, పిలిచెటోడు 40, 50 గజాలు ఎన్కకు. ఎల్క్ పిలిచెటోని దిక్కు చూసుకుంట పోతది, ముంగటోని పక్కకెళ్లి పోతది. ఒక్కడివే ఉంటె ఆ ఎన్కటి మనిషివి నువ్వే, ముంగటి మనిషివి గూడ నువ్వే కావాలె.

నేను చేసేది చెప్త. పిలుస్త, అది పలుకుతది, దిక్కు తెలుస్తది. ఎంబడే లేచి సప్పుడు చెయ్యకుంట దాని దిక్కు 30, 40 గజాలు పోయి ఆగుత. తిన్నగ గాదు, గాలి కింది పక్కకు జర మలిగి. ఇగ నోరు మూసుకుంట. అది వచ్చేది నేను పిలిచిన పాత జాగకు. నడుమల నేనుంట. మల్ల పిలవాలనిపిస్తది, చెయ్యి గుంజుతది, పిలవద్దు. పిలిస్తె నీ కొత్త జాగ దానికి చెప్పినట్టే.

పిలిచేటప్పుడు ట్యూబ్ మొఖం ఎన్కకు తిప్పు. సప్పుడు దూరమైతున్నట్టు ఉంటది. ఆడది ఎల్లిపోతున్నదని దానికి ఫికరు పడాలె.

---

అంబులపొది
సెప్టెంబర్ 13, రాత్రి 10:50

బాబాయ్, అన్నా, ఇద్దరికీ థాంక్స్. ఒక డౌట్. గాలి మొహానికి తగిలేలా కూర్చుంటున్నా కదా, అయినా ఒక్కోసారి అది వస్తూ వస్తూ చటుక్కున మొరిగి ("బార్క్") పరిగెత్తింది. కనపడనే లేదు నేను.

---

మిసౌలా మందాకిని
సెప్టెంబర్ 14, ఉదయం 6:20

గాలి మొహానికి తగలడం అన్నది లేళ్ల కోసం మాటు వేసేవాళ్ల లెక్క. కాల్ చేసినప్పుడు బుల్ తిన్నగా రాదు. నీకు గాలి దిగువకి చుట్టు తిరిగి, వాసన చూసుకుని వస్తుంది. పెద్ద బుల్ అయితే దాదాపు ఖాయం. అందుకే గాలి ఎదురుగా కాకుండా అడ్డంగా వీస్తున్నట్టు కూర్చోవాలి. అది చుట్టు తిరగడానికి ఎంచుకునే దారి మీద నువ్వుండాలి, దాని ముక్కుకి నీ వాసన చేరకముందే అది నీ ముందు నుంచి పోవాలి. చుట్టు తిరగాల్సిన వైపు కొండ చరియో, పడిపోయిన చెట్ల గుట్టో ఉంటే ఇంకా మంచిది, అటు పోలేదు కాబట్టి నీ వైపుకే నెట్టబడుతుంది.

కొండల్లో గాలి రోజంతా ఒకేలా ఉండదు. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. కాబట్టి తెల్లవారుజామున పైనుంచి కిందికి. ఎండ వాలు మీద పడ్డాక నేల వేడెక్కి గాలి పైకి తిరుగుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. ఈ మారే వేళ, పొద్దున 9 ఆ ప్రాంతంలో, గాలి అరగంటపాటు ఎటు పడితే అటు తిరుగుతుంది. ఆ అరగంటలో నేను పిలవను. పొద్దున పిలిస్తే బుల్‌కి పైనో పక్కనో ఉండి, గాలి పైకి తిరిగేదాకా ఆగి పిలుస్తాను. సన్న పౌడర్ సీసా జేబులో పెట్టుకుని మాటిమాటికీ ఒక నొక్కు నొక్కి చూడాలి. నిన్న ఎటుందో చూసి ఇవాళ కూర్చుంటే కుదరదు.

బార్క్ అంటే అది నిన్ను అనుమానించిందని. వాసన గట్టిగా తగిలితే చాలాసార్లు బార్క్ కూడా ఉండదు, ఊరికే మాయమవుతుంది. బార్క్ వినపడితే ఏదో కదలిక కనపడి, అదేంటో తేలక అరిచిందని నా అనుభవం. అప్పుడు కంగారు పడకుండా మెత్తగా ఒక కౌ మ్యూ వేసి చూడు, ఒక్కోసారి సర్దుకుంటుంది.

ఇంకో మాట, మన ఇళ్ల సంగతి. వేట బట్టలు బెడ్‌రూమ్ అల్మరాలో పెడతారు, వంటింట్లో ఇంగువ తిరగమాత వేస్తారు. ఉతికిన బట్టలు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో, గరాజ్‌లో పెట్టు. తలకి కొబ్బరినూనె ఆ నెల మానెయ్.

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 14, ఉదయం 7:02

అక్కా, నూనె ముచ్చట మా అమ్మ వింటె నన్ను సంపుతది.

---

పచ్చనాకు
సెప్టెంబర్ 14, ఉదయం 8:44

నేను వేటగాడిని కాను, ఎస్టెస్ పార్క్ ఊరి పక్కనున్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఎల్క్‌లని చూసి వచ్చాక వాటి గురించి వెతుకుతూ ఇక్కడ పడ్డాను. అందరూ చాలా శ్రద్ధగా రాస్తున్నారు, ఒప్పుకుంటాను. కానీ ఎదకొచ్చిన జంతువుని ఆడదాని గొంతుతో పిలిచి చంపడం మీకెవరికీ ఇబ్బందిగా లేదా? భారతంలో పాండురాజు కథ ఇదేగా. జతకట్టిన లేడిని కొట్టి కిందముడి శాపం తిన్నాడు. వేట వేరు, ఇది వేరు అనిపిస్తోంది.

---

బోయిసీ బాబాయ్
సెప్టెంబర్ 14, ఉదయం 9:15

గౌరవంగా అడిగారు కాబట్టి గౌరవంగానే చెప్తానండీ. ఇబ్బంది ఉండాలి. లేనివాడు విల్లు పట్టకూడదు. అయితే తుపాకీతో 300 గజాల నుంచి, దానికి మనం ఉన్నామన్న సంగతే తెలియకుండా కొట్టడం కంటే, 25 గజాల్లోకి రప్పించి ఒక్క పొరపాటుకి ఓడిపోయే అవకాశం పూర్తిగా దాని చేతిలో పెట్టడం నాకు న్యాయంగా అనిపిస్తుంది. విల్లుతో వెళ్లినవాళ్లలో పదిమందికి ఒకరికో ఇద్దరికో దొరుకుతుంది, మిగతా వాళ్లు ఉత్త చేతులతో ఇంటికే.

---

మిసౌలా మందాకిని
సెప్టెంబర్ 14, ఉదయం 11:30

పచ్చనాకు గారూ, జీవశాస్త్రం వైపు నుంచి కొంచెం. కౌ ఎద దాదాపు 21 రోజులకి ఒకసారి తిరుగుతుంది, మగదాన్ని రానిచ్చేది అందులో ఒక్క రోజు కూడా ఉండదు. ఒకసారి తప్పితే మళ్లీ ఎదకొస్తుంది. ఒక బుల్ పోయినా మందని ఇంకోటి అందుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆడవాటిలో చాలావరకు చూలు కడతాయి. మనుషుల రద్దీ మరీ పెరిగితే మందకి నష్టమే, ట్యాగ్‌లకి (వేట అనుమతులకి) పరిమితి పెట్టమని అడిగేవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండోది డబ్బు. 20వ శతాబ్దం మొదట్లో ఈ ఖండం మొత్తం మీద ఎల్క్ లక్ష కూడా లేవు. ఇప్పుడు ఒక్క కొలరాడోలోనే రెండున్నర లక్షల పైన ఉన్నాయి, ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద ఉన్న పన్నుని వన్యప్రాణి నిర్వహణకి మళ్లించింది. 1972లో విల్లంబులని కూడా అందులో చేర్చారు, 11 శాతం. అంబులపొది విల్లంబుల ధరలో కూడా ఆ వాటా ఉంటుంది.

---

పచ్చనాకు
సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 1:08

డబ్బు సంగతి నాకు తెలియదు, తెలుసుకున్నాను. మోసం మోసమేనన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. అయినా చదువుతూ ఉంటాను. అన్నట్టు ఆ పార్కులో ఎవరో కుర్రాళ్లు కౌ కాల్ ఊదుతుంటే రేంజర్ వచ్చి ఆపేశారు.

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 1:40

ఆపుతరు మరి. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌ల వేట లేదు, కాల్ ఊదుడు గూడ నేరమే. గని చెవులు పెట్టి వినుడు నేరం గాదు. కొత్తోళ్లందరికి నేను చెప్పేది గదే. యూట్యూబ్ బంద్ జేసి, సెప్టెంబర్ల ఒక మాపు అదే పార్కుల మొరైన్ పార్క్ అనే మైదానం దగ్గర రోడ్డు పక్కన నిలబడు. బుల్ ఏడ మొదలు పెడుతున్నది, ఏడ గొంతు పెంచుతున్నది, కౌలు ఎంత మెల్లగ మాట్లాడుకుంటున్నయి, అన్ని తెలుస్తయి. మనోళ్లు ఊదేదాంట్ల సగం కంటె తక్వ సప్పుడు చేస్తయి అసలు ఎల్కులు.

---

హెచ్‌వన్ హనుమ
సెప్టెంబర్ 14, సాయంత్రం 5:22

టాపిక్ మారుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది హెచ్‌1బీ. గన్ పట్టుకోవడం ప్రాబ్లమ్ అవుతుందని ఫ్రెండ్ భయపెట్టాడు. విల్లుకి కూడా అంతేనా? కొలరాడోకి వచ్చి ఏడాది దాటింది.

---

బోయిసీ బాబాయ్
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:10

నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. అందులో వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, కానీ ఆ కాగితాల గొడవలో వీసా పెట్టుకుని దిగాలంటే ముందు లాయర్‌ని అడగాలి. విల్లు ఆ చట్టం లెక్కలో ఫైరార్మ్ కాదు. మనవాళ్లు చాలామంది విల్లుతో మొదలెట్టడానికి ఇదే కారణం. నేనూ గ్రీన్ కార్డ్ వచ్చేదాకా విల్లు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు, వచ్చాక అలవాటు తప్పలేదు.

కొలరాడోలో వరసగా 6 నెలలు ఉంటే రెసిడెంట్ ధర పడుతుంది. 1949 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కార్డ్ తప్పనిసరి. విల్లు బలం 35 పౌన్లకి తగ్గకూడదు, లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక చేతికి తగ్గే బరువు) 80 శాతం దాటకూడదు, బ్రాడ్‌హెడ్ (బాణం కోత మొన) కోత ముప్పాతిక అంగుళం పైనే, సరిగ్గా చెప్పాలంటే 7/8 అంగుళం ఉండాలి. క్రాస్‌బో విల్లు సీజన్‌లో కుదరదు. ఈ ఏడాది రూల్ బుక్ మళ్లీ చదువుకో, ఏటా మారుస్తుంటారు.

---

ఫ్రిస్కో ఫణి
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:45

టెక్సాస్ నుంచి వచ్చేవాళ్లకి ఇదివరకు కౌంటర్ మీద ట్యాగ్ దొరికేది కదా బాబాయ్, ఈసారి షాపులో లేదన్నారు?

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 14, సాయంత్రం 7:01

2025 నుంచి ఐ-25 హైవేకు పడమటి దిక్కు బయటి రాష్ట్రపోళ్లకు ఆర్చరీ ఎల్క్ ట్యాగ్ డ్రా (లాటరీ) లనే. ఏప్రిల్ మొదట్ల దరఖాస్తు గడువు అయిపోతది. వచ్చే ఏడు మార్చ్‌లనే యాది పెట్టుకో. జనం మస్తు పెరిగిండ్రు, ప్రతి గట్టు మీద ఒకడు ట్యూబ్ పట్టుకుని ఊదుతున్నడు. ఎల్కులు బ్యూగుల్ ఇంటే పారిపోయే కాడికి వచ్చినయి.

---

మిసౌలా మందాకిని
సెప్టెంబర్ 14, రాత్రి 8:30

కరీంనగరోడు అన్నదానికి ఒక మాట కలుపుతా. జనం ఎక్కువున్న పబ్లిక్ భూమిలో కాలింగ్ తారీఖుని బట్టి మారాలి. సెప్టెంబర్ మొదటి వారంలో బుల్స్ ఇంకా ఒంటరిగా, బురదగుంటల చుట్టూ ఉంటాయి. అప్పుడు పెద్ద బ్యూగుల్ వేస్తే ఎవరూ యుద్ధానికి రారు. మెత్తటి కౌ, దూడ గొంతులు, మధ్యలో పావుగంట మౌనం. 10 దాటాక మందలు కట్టడం మొదలవుతుంది, అప్పుడు మంద దక్కని కుర్ర బుల్స్ చుట్టూ తిరుగుతుంటాయి, అవి కౌ కాల్‌కి త్వరగా పడతాయి, చాలాసార్లు ఒక్క అరుపూ లేకుండా. 20 ఆ చుట్టుపక్కల ఎద ముదిరాక మంద బుల్‌ని కౌ కాల్‌తో లాగడం కష్టం, దానికి ఉన్నవి చాలు. దాని మందకి బాగా దగ్గరగా, 100 గజాల లోపు దూరి, ఎండు కొమ్మతో చెట్టు బెరడు గీరి, అది అరుస్తుండగానే మధ్యలో తెంచి చిన్న ఛాలెంజ్ (పోటీకి పిలిచే మగ కూత) వేస్తే కోపంతో వస్తుంది. దూరం నుంచి అదే ఛాలెంజ్ వేస్తే ఆడవాటిని తోలుకుని వెళ్లిపోతుంది. ప్రతి జవాబూ ఇంతకుముందు కంటే దూరం నుంచి వస్తోందంటే అర్థం అదే. ఆపేసి, గాలి చూసుకుని, చుట్టు తిరిగి ముందుకి పోవాలి.

ఇదంతా నడిపించేది పగటి పొడవు. చలీ, చందమామా దాన్ని అరిపించొచ్చు, ఆపొచ్చు, కానీ ఎద తారీఖు మాత్రం పెద్దగా కదలదు.

---

బోయిసీ బాబాయ్
సెప్టెంబర్ 14, రాత్రి 9:02

మా ఐడహో మధ్య కొండల్లో 1995, 96ల్లో తోడేళ్లని వదిలాక ఎల్క్ అరవడం తగ్గిందని పాతవాళ్లు ఇప్పటికీ తిడుతుంటారు. కొలరాడోలో 2023 డిసెంబర్‌లో మొదలెట్టారు. మీకూ ఆ పాఠం వస్తుంది చూడండి. మాట్లాడని బుల్‌ని వేటాడటం నేర్చుకోవాలి. పిలిచి, గంట కూర్చోవాలి. గంట అంటే గంట. మనవాళ్లకి పది నిమిషాలకే ఫోన్ గుర్తొస్తుంది.

---

హెచ్‌వన్ హనుమ
సెప్టెంబర్ 15, ఉదయం 10:11

డయాఫ్రమ్ నోట్లో పెడితేనే వాంతి వచ్చేలా ఉంది అన్నలూ. బాతు అరిచినట్టు శబ్దం వస్తోంది.

---

మిసౌలా మందాకిని
సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 12:20

అందరికీ అలాగే ఉంటుంది హనుమా. టేప్ అంచు పెద్దదైతే అంగిలి వెనక తగిలి డోకు వస్తుంది. చిన్న కత్తెరతో అంచు కొంచెం కొంచెంగా కత్తిరించు, రబ్బరు పొర జోలికి పోకు. గుర్రపు నాడా ఆకారం తెరిచి ఉన్న వైపు పెదాలకేసి, అంగిలికి ఒత్తి పెట్టు. నాలుక మధ్యభాగం పొరకి ఆనించి, పొట్టలోంచి సన్నగా గాలి వదులు, బుగ్గల్లోంచి కాదు. మొదటి వారం సన్నటి ఒకే స్వరం చాలు. అది నిలబడ్డాక దవడ మెల్లగా కిందికి వదిలితే స్వరం పైనుంచి కిందికి జారుతుంది, "ఈ...యూ" అని. అదే కౌ మ్యూ. బ్యూగుల్ దానికి తిరగేసి, గురగురతో మొదలై మెట్లు మెట్లుగా పైకి ఎక్కి, పైన పట్టి, ఒక్కసారిగా పడిపోతుంది, చివర్లో పొట్ట లోపలికి కొడుతూ "ఉహ్ ఉహ్ ఉహ్".

సింగిల్ రీడ్ కౌకి తేలిక. డబుల్, ట్రిపుల్ గాలి ఎక్కువ అడుగుతాయి, బ్యూగుల్‌కి నిలుస్తాయి. వాడాక కడిగి, పొరల మధ్య పుల్ల పెట్టి ఆరబెట్టు, కార్ డాష్‌బోర్డ్ మీద ఎండకి వదిలేస్తే పొర సాగిపోతుంది. అప్పటికీ కుదరకపోతే పెదాల మధ్య కొరికి ఊదేవి ఉన్నాయి, చేత్తో నొక్కే హూచీ మామా ఉంది. ఎల్క్‌కి నువ్వు దేంతో పిలిచావో అక్కర్లేదు. కాకపోతే చేతిలో ఉన్నది విల్లు లాగేటప్పుడు అడ్డం, నోట్లో ఉన్నది కాదు. విల్లు లాగి పట్టుకున్నాక బుల్‌ని ఒక్క క్షణం ఆపడానికి చిన్న మ్యూ వేయాలంటే డయాఫ్రమే కావాలి.

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 16, రాత్రి 8:15

ఒక ముచ్చట అందరు ఇనాలె. మొన్న నేను కౌ కాల్ వేస్తుంటె మనిషి వచ్చిండు. నా మొఖానికి 30 గజాల కాడ, బాణం తొడిగి, వంగి నడుసుకుంట. మజిల్‌లోడర్ (మూతి కెల్లి మందు కూరే తుపాకి) సీజన్ గూడ ఇప్పుడే నడుమల కలుస్తది, అంటె గా చేతుల తుపాకి గూడ ఉండొచ్చు. దశరథుడు సరయు ఒడ్డుమీద కుండ మునిగిన సప్పుడిని ఏనుగు అనుకొని శ్రవణకుమారుని కొట్టిండు. ఈడ అడవిల సప్పుడు మనమే చేస్తున్నం, ఎల్క్ లెక్కనే చేస్తున్నం.

ఈపు ఎనక పెద్ద చెట్టు పెట్టుకోండ్రి. చట్టం అడిగినా అడగకున్నా ఈ తొమ్మిది రోజులు ఆరెంజ్ టోపి ఒకటి బ్యాగు మీద కట్టుండ్రి. మనిషి కనపడితె మంచిగ తెలుగులనో ఇంగ్లీష్లనో నోటితోని మాట్లాడుండ్రి, చెయ్యి ఊపద్దు, మల్ల కాల్ అస్సలే ఊదద్దు.

---

ఫ్రిస్కో ఫణి
సెప్టెంబర్ 16, రాత్రి 8:40

వామ్మో. నోట్ చేసుకున్నా.

---

అంబులపొది
సెప్టెంబర్ 21, రాత్రి 7:55

అప్‌డేట్. నిన్న పొద్దున బాబాయ్ చెప్పినట్టు చోటు మార్చి కూర్చున్నా. స్ప్రూస్ గుబురు అంచు, ముందు 30 గజాల్లో నేల మడత. గాలి కుడి నుంచి ఎడమకి. పెద్ద బుల్ ఒకటి కింద అరుస్తోంది, దానికి నాలుగు మ్యూలు వేసి, కరీంనగర్ అన్న చెప్పినట్టు ముందుకి జరిగి ఊరుకున్నా.

పెద్దది రాలేదు. చాలాసేపటికి ఎడమ పక్క నుంచి, ఒక్క చప్పుడు లేకుండా, కుర్ర బుల్ ఒకటి నేల మడత మీదికి తల పెట్టింది. మందాకిని అక్క చెప్పిన రకమే. ముందు కొమ్ముల కొనలు, తర్వాత చెవులు, తర్వాత తడి ముక్కు. ముక్కు రంధ్రాలు తెరుచుకోవడం కూడా కనపడుతోంది. దాని తల చెట్టు చాటుకి పోయినప్పుడు విల్లు లాగా. బయటికొచ్చి 22 గజాల్లో నిలబడింది, తిన్నగా నాకేసి రొమ్ము పెట్టి. పక్కకి తిరుగుతుందేమోనని పట్టుకునే ఉన్నా. చేతులు వణికిపోతున్నాయి. అది తిరగలేదు. చివరికి వచ్చిన దారినే వెనక్కి దూకింది.

ఆగిపోయే సమస్య తీరింది, థాంక్స్. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ ఎదురు రొమ్ము బాణం వేయాల్సిందా?

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 21, రాత్రి 8:10

22 గజాలా? అన్నా, చేతుల పడ్డది ఇడిసిపెట్టినవ్. గొంతు కింద, రొమ్ము ఎముక మీద గుండ్రం జాగ ఉంటది. దగ్గర్ల గట్టి బాణం గక్కడ పడితె దూరం పోదు.

---

బోయిసీ బాబాయ్
సెప్టెంబర్ 21, రాత్రి 8:33

నేను ఒప్పుకోను. ఆ జాగా చిన్నది. అంగుళం కిందైతే రొమ్ము ఎముక, పక్కకైతే భుజం. ఎదురుగా చూస్తున్న జంతువు తీగ చప్పుడుకి కదిలితే అంతే సంగతులు. కొత్తవాడు, చేతులు వణుకుతున్నాయి అంటున్నాడు, దించడమే మంచి పని. అడ్డంగా నిలబడిందా, లేదా కొంచెం అవతలికి తిరిగి ఉందా, ముందు కాలు వెనక, ఒంటి ఎత్తులో మూడో వంతు మీద. రెండు ఊపిరితిత్తులూ దొరకాలి. మిగతాది పక్కన పెట్టు.

బాణం పడ్డాక వెంటనే ఒక మ్యూ వెయ్యి. చాలాసార్లు పది అడుగుల్లోనే ఆగి చూస్తుంది. తర్వాత కనీసం అరగంట కదలకు. పొట్టలో పడిందని అనుమానం ఉంటే గంటలు.

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 21, రాత్రి 8:41

నేనైతె వేసేటోన్ని. బాబాయ్‌తోని ఈ లొల్లి ప్రతి ఏడు ఉంటది, ఒడువదు.

---

ఫ్రిస్కో ఫణి
సెప్టెంబర్ 22, ఉదయం 9:30

వచ్చే ఏడు డ్రాలో తగిలితే మాంసం ఇంటిదాకా ఎలా? ఫ్రిస్కో అంటే కార్లో రోజంతా ప్రయాణం.

---

మిసౌలా మందాకిని
సెప్టెంబర్ 22, ఉదయం 11:05

ముందు ఎండ సంగతి చూసుకోండి. సెప్టెంబర్ మధ్యాహ్నం వేడిగా ఉంటుంది, బుల్ 700 పౌన్ల జంతువు, తోలు కింద వేడి చాలాసేపు నిలుస్తుంది. తొడ కీలు దగ్గర ముందు చెడుతుంది. పొట్ట తెరవకుండానే తోలు వలిచి తొడలూ భుజాలూ విడదీయొచ్చు, ఒక్కరికి అదే తేలిక. గాలి ఆడే గుడ్డ సంచుల్లో పెట్టి నీడలో వేలాడదీయాలి. ప్లాస్టిక్ కవర్లలో ఎప్పుడూ వద్దు. కొలరాడోలో మగదో ఆడదో తెలిపే గుర్తు ఒక తొడకి సహజంగా అంటి ఉంచాలి, కోసి జేబులో వేసుకుంటే ఫైన్. ఎముకలు తీసినా 200 పౌన్లకి అటూ ఇటూ మోయాలి, 10 వేల అడుగుల ఎత్తులో. ట్యాగ్ కంటే ముందు స్నేహితులని వెతుక్కోండి.

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింక జాతుల మెదడుకి వచ్చే ప్రాణాంతక రోగం) గురించి కూడా. 1967లో ఫోర్ట్ కాలిన్స్‌లో పెంపకంలో ఉన్న మ్యూల్ డీర్‌లో మొదట గమనించారు, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. తలని పరీక్షకి ఇచ్చి ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే. పాజిటివ్ వస్తే తినొద్దనే సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) చెప్తోంది. మెదడు, వెన్నెముక ఉన్న కళేబరాన్ని చాలా రాష్ట్రాలు సరిహద్దు దాటనివ్వవు, కాబట్టి ఎముకలు అక్కడే తీసేసి ఉత్త మాంసం ఐస్ డబ్బాల్లో తీసుకెళ్లడం మేలు. మీ దారిలో పడే రాష్ట్రాల రూల్స్ కూడా చూడండి.

---

హెచ్‌వన్ హనుమ
సెప్టెంబర్ 22, మధ్యాహ్నం 1:15

అక్కా, వండాలంటే? మటన్‌లాగే కుక్కర్‌లో పెట్టేయడమేనా?

---

కరీంనగరోడు
సెప్టెంబర్ 22, మధ్యాహ్నం 1:50

అన్ని ముక్కలు కుక్కర్‌ల పెట్టకు తమ్మీ, కొవ్వు ఉండదు, పీసు పీసు అయితది. వెన్ను పక్కన ఉండే మెత్తటి ముక్క ఇనుప పెనం మీద నెయ్యిల రెండు దిక్కుల కాల్చి ఉప్పు, మిరియాలు, గంతే. భుజం కీమా కొట్టియ్యి, మేక కొవ్వు జర కలుపు. కాళ్ల పిక్కలు మాత్రం కుక్కర్‌కే, విజిల్స్ లెక్క పెట్టకు, సన్న మంట మీద ముప్పావు గంట. గోంగూర ఆఖరుకు వెయ్యి.

---

పచ్చనాకు
సెప్టెంబర్ 22, మధ్యాహ్నం 2:20

ఇక్కడితో నేను సెలవు తీసుకుంటాను :)

---

అంబులపొది
సెప్టెంబర్ 22, సాయంత్రం 6:40

సీజన్ 30 దాకా ఉంది. శనివారం మళ్లీ అదే లోయకి, ఆ పెద్దది ఇంకా అక్కడే అరుస్తోంది. బాబాయ్, మందలో పదిహేను దాకా ఆడవి ఉన్నాయి, 100 గజాల్లోకి దూరాలంటే కింద వాగు వెంట పోవాలా, పైనుంచి దిగాలా? ఎండ ఆ వాలు మీదికి ఎనిమిదిన్నరకి వస్తుంది.

---

బోయిసీ బాబాయ్
సెప్టెంబర్ 22, రాత్రి 9:18

ఎనిమిదిన్నర లోపైతే గాలి కిందికి జారుతుంటుంది కాబట్టి వాగు వెంట, కింద నుంచి. నీళ్ల చప్పుడు నీ అడుగులని కప్పేస్తుంది. ఎనిమిదిన్నర దాటిపోయిందా, ఇంక వాగులో ఉండకు, వెనక్కి వచ్చి ఎండ పడ్డ గట్టు మీదికి ఎక్కు, గాలి పైకి నిలకడగా వీచేదాకా టిఫిన్ తిను. ఆడవాటిని ముందు లెక్కపెట్టుకో, ఒక్కటి నిన్ను చూసినా పదిహేనూ పోతాయి. మ్యూ వెయ్యకు. కొమ్మ పట్టుకుని చెట్టు గీరు.